జీబ్రా టీసీ21 స్కానర్: కర్నూలులో మందుల హోల్‌సేల్‌కు పనికొస్తుందా?

కర్నూలు పెద్దాసుపత్రి దగ్గరి మా మందుల హోల్‌సేల్ దుకాణంలో స్టాకు ఎక్కించడానికి జీబ్రా టీసీ21 టెర్మినల్ వాడుతున్నాము. అయిదంగుళాల తెరతో ఫోన్‌లా కనిపించే ఈ ఆండ్రాయిడ్ యంత్రం నలిగిన అట్టపెట్టె మీది చిన్న డేటామ్యాట్రిక్స్ కోడ్‌నూ (చుక్కల చదరంలా ఉండే కోడ్) చదువుతుంది కనుక ఆ విషయంలో వంక పెట్టడానికేమీ లేదు. కొనదలచినవారు ముఖ్యంగా చూడవలసినది, చదివిన సమాచారాన్ని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు చేరేలోపు మార్చే వీలు ఎంతవరకు ఉందన్నదే.

ఆ పని చేసేది ఇందులో ముందే ఉండే డేటావెడ్జ్ యాప్. కోడ్‌కు ముందో వెనకో అక్షరాలు చేర్చడం, చివర ఎంటర్ కొట్టించడం వంటివి బేసిక్ ఫార్మాటింగ్‌లో ఎవరైనా చేసుకోగలరు. మందులకు అది చాలదు. పెట్టె మీది జీఎస్1 (వస్తువుల కోడ్‌లకు అంతర్జాతీయ ప్రమాణం) కోడ్‌ను స్కాన్ చేస్తే 01, ఆ వెంట 14 అంకెల వస్తువు సంఖ్య, 17, ఆరంకెల గడువు తేదీ, 10, బ్యాచ్ నంబరు అన్నీ కలిసి ఐటెమ్ గడిలోనే పడతాయి. ఇందులో 01, 17, 10 అనేవి వాటి వెంట వచ్చే వివరం ఏమిటో చెప్పే గుర్తులు. మా సాఫ్ట్‌వేర్ ఆ గడిలో 890తో మొదలయ్యే 13 అంకెలనే ఒప్పుకుంటుంది. అందువల్ల అదే యాప్‌లోని అడ్వాన్స్‌డ్ ఫార్మాటింగ్‌లో, సమాచారం 010890తో మొదలైతే మొదటి మూడంకెలు దాటి తరువాతి 13 పంపి ట్యాబ్ కొట్టాలని నియమం రాసుకున్నాము.

గడువు తేదీకి ఇంకాస్త ఓపిక కావాలి. కోడ్‌లో 271100 అని ఉన్నది బిల్లులో 11/27గా రావాలంటే, 17ను దాటాక రెండంకెలు ముందుకు జరిగి నెలను పంపి, గీత చేర్చి, నాలుగంకెలు వెనక్కి వచ్చి సంవత్సరాన్ని పంపి, మళ్ళీ నాలుగంకెలు ముందుకు వెళ్ళాలి. రోజు స్థానంలోని 00కు నెలాఖరు అని అర్థం కనుక దాన్ని వదిలేయవచ్చు.

చిక్కంతా బ్యాచ్ నంబరుతోనే. అది 20 అక్షరాల దాకా ఎంతైనా ఉండవచ్చు. దాని వెనక మరో వివరం ఉంటే మధ్యలో కంటికి కనబడని విభజన అక్షరం వస్తుంది, అక్కడిదాకానే పంపమని చెప్పాలి. పైగా కంపెనీని బట్టి వివరాల వరుస మారుతుంది కాబట్టి ఒక్కో వరుసకు ఒక్కో నియమం తప్పదు. యాప్ నియమాలను పైనుంచి చూసుకుంటూ వచ్చి, సరిపోయిన మొదటిదాన్ని అమలు చేసి మిగతావాటిని పట్టించుకోదు. అందరికీ వర్తించే నియమాన్ని పైన పెడితే దాని కింది ప్రత్యేక నియమాలకు వంతు రాదు.

2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందులపై తప్పనిసరైన కోడ్‌లో తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు కూడా ఉంటాయి. అదంతా ఐటెమ్ గడిలో కుమ్మరించకుండా ఉండాలంటే, ఆ కోడ్ క్యూఆర్ అయినప్పుడు ప్రొఫైల్‌లో (డేటావెడ్జ్‌లో మనం చేసుకున్న అమరికల కట్ట) క్యూఆర్ చదవడాన్నే ఆపివేయడం తేలిక.

యంత్రం అమ్మిన డీలరు ఛార్జింగ్ ఎలా పెట్టాలో చూపించి, నియమాల మాట ఎత్తితే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళను అడగమన్నారు. వాళ్ళు స్కానర్ వాళ్ళను అడగమన్నారు. కనుక డబ్బు చెల్లించే ముందే, మీ గోదాములోని నాలుగైదు కంపెనీల పెట్టెలు వాళ్ళ ముందు పెట్టి, బిల్లులో సరిగా పడేలా అమర్చి ఇమ్మని అడగండి. ఒక యంత్రంలో సిద్ధమైన ప్రొఫైల్‌ను ఫైలుగా తీసి ఇంకో యంత్రంలోకి ఎక్కించవచ్చు. మా ఆదోని బ్రాంచికి అలాగే ఇచ్చాము. కొత్త కంపెనీ సరుకు వచ్చి నియమం మార్చినప్పుడు మాత్రం రెండు చోట్లా మళ్ళీ ఎక్కించాలి.