ముక్కు కడుక్కునే బాటిల్, 240 ఎం.ఎల్: ఆరు నెలలు వాడాక

మాది పర్లాకిమిడి. ఇది మా తమ్ముడి కోసం కొన్నాను. ప్లాస్టిక్ మెత్తగా ఉంది, నొక్కితే ధార ఒకేలా వస్తుంది, కొన మొద్దుగా ఉండటంతో ముక్కులో గుచ్చుకోదు. మూత మాత్రం ఎంత బిగించినా పక్కనుంచి కారుతుంది, అందుకే ఒక స్టార్ తగ్గించాను.

వాడికి చిన్నప్పట్నుంచీ జలుబే, ఒకవైపు ముక్కు ఎప్పుడూ బిగదీసుకునే ఉండేది, మేమెవరం పట్టించుకోలేదు. పోయినేడు బండి మీద వస్తుంటే ఎదురొచ్చే లైట్లు రెండేసి కనపడుతున్నాయన్నాడు, కళ్ళద్దాల షాపులో రెండుసార్లు పవర్ మార్చారు, డబ్బులు దండగ. ఎడం కన్ను ముందుకొచ్చినట్టుందిరా అని అమ్మే కనిపెట్టింది. విశాఖపట్నంలో కంటి డాక్టర్ ఒక ఎర్ర మూత పట్టుకుని ఒక్కో కంటితో చూడమన్నారు, ఎడం కంటికి అది వెలిసిపోయిన ఇటుక రంగులో కనపడిందట. కంటి నరం నొక్కుకుపోతోందేమోనని ఆరోజే సీటీ స్కాన్‌కి పంపారు. సైనస్ నిండా, అంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల నిండా, ఫంగస్ జిగురు, అలర్జీ వల్ల ఏళ్ళ తరబడి పేరుకుని ఎముకని పలచన చేసి కన్నుని తోసేస్తోంది.

2021లో విన్న బ్లాక్ ఫంగస్సే అనుకుని ఇంట్లో ఒకటే ఏడుపులు. అది వేరండీ, షుగర్ అదుపులో లేనివాళ్ళకి ఎక్కువగా వచ్చి కండనీ రక్తనాళాల్నీ తినేస్తూ రోజుల్లో పాకిపోతుంది, దానికి ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్లు కావాలి. వీడిది కండలోకి చొచ్చుకుపోయే రకం కాదు. ముక్కులోంచే ఎండోస్కోపీతో ఆపరేషన్ చేసి తీసేశారు, గిన్నెలో చూపించారు కూడా, నూరిన వేరుశనగ ముద్దలా గోధుమరంగులో చిక్కగా ఉంది. తర్వాత కొన్నాళ్ళు స్టెరాయిడ్ మాత్రలు. ఇప్పుడు లైటు ఒకటే కనపడుతోంది, ఎరుపు ఎరుపులానే ఉంది. ఇంకా ఆలస్యం చేసుంటే నరం దెబ్బతిని చూపు తిరిగొచ్చేది కాదేమో అన్నారు, ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడే.

ఇది మళ్ళీ మళ్ళీ పేరుకునే జబ్బు, అందుకే డాక్టర్ స్ప్రేతో పాటు రోజూ ముక్కు కడుక్కోమన్నారు. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు నేరుగా పొయ్యకండి, దయచేసి. అలాంటి నీళ్ళలో ఉండే ఒకరకం అమీబా ముక్కులోంచి మెదడుకెక్కితే ప్రాణం మీదికొస్తుంది, అరుదే అయినా. మరగబెట్టి చల్లార్చిన నీళ్ళలో వాళ్ళిచ్చే ఉప్పు ప్యాకెట్ కలిపి, ముందుకి వంగి, నోరు తెరిచి ఆ అంటూ మెల్లిగా నొక్కితే ఇటు పోసింది అటు వచ్చేస్తుంది. మొదటిరోజు గట్టిగా నొక్కేసి చెవి దిబ్బడేసిందన్నాడు. వాడాక కడిగి బోర్లించి ఆరబెట్టాలి, మూడు నెలలకి మార్చెయ్యాలి. ఇది రెండోది, దీని మూతా కారుతోంది.