నాంపల్లి ఉచిత వకీలు సేవ: తొలి కేసుకు అయిదుకు నాలుగున్నర మార్కులు, పాత కేసులుంటే రెండున్నర

చంచల్‌గూడ జైల్లో రిమాండ్‌లో ఉన్నవారికి వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. మొదట్లో ఇది ప్యానెల్ లాయర్ల మీద నడిచేది, వాళ్లు సొంత కేసులు చూసుకుంటూ మధ్యలో ఈ కేసులూ చూసేవారు. 2022లో నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) తెచ్చిన డిఫెన్స్ కౌన్సెల్ (ముద్దాయి తరఫు వకీలు) పద్ధతి దీన్ని మార్చింది. ఈ వకీళ్లకు నెల జీతం ఉంటుంది, ప్రైవేటు కేసులు పట్టకూడదు. ఈ సమీక్ష దొంగతనం, స్నాచింగ్ లాంటి కేసుల్లో ఉన్నవారి కుటుంబాల కోసం. హత్య, గంజాయి కేసుల లెక్క వేరు.

ముందు మంచి సంగతులు. కస్టడీలో ఉన్నవారిని ఆదాయం అడగరు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం జైల్లో ఉండటమే అర్హత, తెల్ల రేషన్‌కార్డు తెమ్మంటే ఆ మాట తప్పు. దరఖాస్తుకు మూడు దారులున్నాయి. జైలు లోపలి లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో ఖైదీయే ఫారం రాసి ఇవ్వచ్చు, ఇంటివాళ్లు 15100కు ఫోన్ చేయచ్చు, లేదా నాంపల్లి కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవల ఆఫీసుకు నేరుగా వెళ్లచ్చు. మూడోదే మేలు, ఎందుకంటే కాయితం చేతికిచ్చి నంబరు వేయించుకోవచ్చు. వెళ్లేటప్పుడు ఎఫ్ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషన్ పేరు, సెక్షన్లు, మొదటి రిమాండ్ తేదీ, జైలు యూటీ (విచారణ ఖైదీ) నంబరు ఒక్క కాయితం మీద రాసుకెళ్లండి. ఇంతకుముందే ప్రైవేటు వకీలు వకాలత్ వేసి ఉంటే ఆయన దగ్గర నో అబ్జెక్షన్ తీసుకోవాలి. సగం ఆలస్యాలు ఇక్కడే మొదలవుతాయి.

ఒక్కటే కేసు, పాత శిక్షలు లేవు అనుకుందాం. అప్పుడు ఈ సేవకు నాలుగున్నర మార్కులు ఇవ్వచ్చు. మామూలు బెయిల్ పిటిషన్ వేస్తారు. అది కొట్టేసినా, అరవై రోజుల్లో చార్జిషీటు రాకపోతే మాండేటరీ బెయిల్ (కోర్టు తప్పక ఇవ్వాల్సిన బెయిల్) ఉంది. రోజుల లెక్కలో రిమాండ్ చేసిన రోజు కూడా కలుస్తుందని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. అరవై ఒకటో రోజు పొద్దున్నే పిటిషన్ పడాలి, మధ్యాహ్నం చార్జిషీటు వచ్చేస్తే ఆ హక్కు ఇక లేదు. కాబట్టి వకీలును రెండు వారాల ముందే ఈ తేదీ అడిగి పెట్టుకోండి.

ఆ దారీ తప్పితే పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లోని 479వ సెక్షన్ ఉంది. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు రిమాండ్‌లో గడిపితే, మిగతావారు సగం గడిపితే వదలాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. మామూలు దొంగతనానికి గరిష్ఠం మూడేళ్లు, అంటే తొలిసారి వారికి ఏడాది. ఇంట్లో జరిగిన దొంగతనానికి ఏడేళ్లు, అంటే రెండేళ్ల నాలుగు నెలలు. ఆ రోజు రాగానే కోర్టుకు దరఖాస్తు పంపాల్సింది జైలు సూపరింటెండెంటే అని అదే సెక్షన్ చెబుతుంది. జూలై 1కి ముందు నమోదైన కేసులకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టు 23న సుప్రీంకోర్టు చెప్పింది.

రెండు, మూడు, పది కేసులున్నవారి దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోతుంది, మార్కులు రెండున్నరే. ఇందులో వకీళ్ల తప్పు కొంత, చట్టం అల్లిక ఎక్కువ.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. రిమాండ్ రిపోర్టులో ‘పాత నేరస్తుడు’ అని రాసి ఉన్నంత మాత్రాన శిక్ష పడినట్టు కాదు. మూడో వంతు సౌకర్యం పోయేది పాత శిక్ష ఉంటేనే. కానీ 479లోని రెండో ఉపసెక్షన్ వేరే తాళం వేస్తుంది. ఒకటికి మించి కేసులు పెండింగ్‌లో ఉంటే ఈ సెక్షన్ కింద బెయిల్ లేదు. అన్ని కేసుల్లోనూ నిర్దోషిగా తేలే అవకాశం ఉన్నా అంతే. అప్పుడు మిగిలేది కేసు కేసుకూ విడివిడిగా మామూలు బెయిల్ వేసుకోవడం.

ఆ విడివిడి అన్న మాటలోనే హైదరాబాద్ చిక్కు ఉంది. సైదాబాద్ కేసు నాంపల్లికి, కూకట్‌పల్లి కేసు మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాకు, ఎల్బీనగర్ వైపు కేసు రంగారెడ్డి జిల్లా కోర్టులకు పోతుంది. ఒక్కో జిల్లాకు ఒక్కో న్యాయసేవాధికార సంస్థ. నాంపల్లిలో పెట్టిన దరఖాస్తుతో మిగతా రెండు చోట్ల వకీలు రాడు. ఎక్కడికక్కడ మళ్లీ రాసివ్వాలి. ఈ సేవలో పెద్ద లోపం ఇదే.

పీటీ వారంట్ ఇంకో ముడి. ఒక కేసులో జైల్లో ఉన్నవాణ్ని రెండో కేసులో హాజరుపరచడానికి తెచ్చే వారంట్ అది. రెండో కేసులో కస్టడీ రోజులు ఆ కోర్టు రిమాండ్ చేసిన నాటి నుంచే లెక్క. ‘ఎనిమిది నెలలుగా లోపలే ఉన్నాడు’ అని ఇంటివాళ్లు అనుకుంటారు గానీ, రెండో కేసుకు అప్పటికి నెల కూడా నిండి ఉండకపోవచ్చు. పీటీ వేయకుండా వదిలేస్తే ఇంకా చేటు. మొదటి కేసులో బెయిల్ వచ్చి గేటు దాటగానే మళ్లీ పట్టుకుంటారు. అందుకని మిగతా కేసుల్లో పీటీ వేయించమని ముద్దాయి తరఫు నుంచే అడగడం తెలివైన పని. డిఫెన్స్ కౌన్సెల్‌ను ఈ మాట సూటిగా అడగండి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఒప్పుకోలు. చిన్న దొంగతనం కేసుల్లో ‘నేరం ఒప్పుకుంటే ఉన్న రోజులతో సరిపెడతారు, ఇవాళే బయటికి వస్తాడు’ అనే సలహా కోర్టు వరండాల్లో తేలిగ్గా దొరుకుతుంది. ఆ రోజుకు అది నిజమే. కానీ ఒప్పుకోలు అంటే శిక్ష, శిక్ష అంటే రికార్డు. ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్‌లోని 303(2) ప్రకారం రెండోసారి దొంగతనం రుజువైతే కనీసం ఏడాది కఠిన శిక్ష, గరిష్ఠం అయిదేళ్లు. ఏడాదికన్నా తగ్గించే వీలు జడ్జికి లేదు, కాబట్టి రెండోసారి ఆ బేరం కుదరదు. మూడో వంతు బెయిల్ పోయింది. అయిదు వేల లోపు సొత్తు తిరిగి ఇస్తే సమాజసేవతో వదిలే సౌకర్యం తొలిసారి వారికే, అదీ పోయింది. పాత శిక్ష ఉన్నవారికి అదే నేరంలో ప్లీ బార్గెయినింగ్ (నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకు బేరం) లేదు. చివరికి రాజీ కూడా లేదు. పాత శిక్ష వల్ల ఎక్కువ శిక్షకు గురయ్యేవారి కేసు రాజీ చేయరాదని బీఎన్ఎస్ఎస్ 359వ సెక్షన్ చెబుతోంది.

కాబట్టి తొలి కేసులో సొత్తు యజమాని ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవడమే మేలు. రాజీ అంటే విడుదలతో సమానం, శిక్ష కింద లెక్కకు రాదు. ఉచిత వకీలు ఈ తేడా చెప్పకుండా ఒప్పుకోలు మెమో మీద వేలిముద్ర వేయిస్తే ఆ సేవకు ఒక్క మార్కు కూడా దండగ. 303(2)లో ‘ఈ సెక్షన్ కింద’ రెండోసారి అని ఉంది. పాత ఐపీసీ 379 శిక్ష దానికిందికి రాదని వాదించడానికి చోటుంది. ఆ వాదన వేయమని గుర్తు చేయండి.

2022 చివరికి దేశంలోని జైళ్ల సామర్థ్యం 4,36,266, లోపల ఉన్నవారు 5,73,220. వారిలో విచారణ ఖైదీలే 4,34,302. అంటే శిక్షపడ్డవాళ్లు ఒక్కరూ లేకున్నా జైళ్లు దాదాపు నిండే ఉంటాయి. తలుపులు ఒక్కొక్కటిగా మూసుకుంటూ పోతే ఎవరు మిగిలిపోతారో పై పేరాలు చదివితే తెలుస్తుంది.

పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) పెడితే ఈ ఆఫీసుకు వెళ్లి లాభం లేదు. 1986 నాటి ఆ చట్టం కింద పన్నెండు నెలల వరకు నిర్బంధించవచ్చు, అడ్వైజరీ బోర్డు ముందు వకీలుకు ప్రవేశం లేదు. హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీ ద్వారా హెబియస్ కార్పస్ (అక్రమ నిర్బంధం నుంచి విడిపించమనే పిటిషన్) వేయించాలి. 2023లో అమీనా బేగం కేసులో సుప్రీంకోర్టు తెలంగాణలో ఈ చట్టాన్ని ఇష్టానుసారం వాడటాన్ని గట్టిగానే తప్పుపట్టింది, ఆ తీర్పు కాపీ జత చేయమనండి.

బెయిల్ వచ్చాక ష్యూరిటీల పని. ఆర్డరు వచ్చి ఏడు రోజులైనా విడుదల కాకపోతే జైలు అధికారి న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలి, నెల దాటితే షరతులు సడలించడాన్ని కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. పూచీకత్తు కట్టలేని పేద విచారణ ఖైదీలకు 2023 కేంద్ర పథకంలో సాయం ఉంది. పలు కేసులుంటే అన్నిటికీ అవే ష్యూరిటీలను ఒప్పుకోమని కోర్టును అడగచ్చు. 2024 ఆగస్టులో గిరీశ్ గాంధీ కేసులో పదమూడు కేసులున్న మనిషికి అవే ష్యూరిటీలు చాలని సుప్రీంకోర్టు అంగీకరించింది. కోర్టు గేటు దగ్గర దొరికే కిరాయి ష్యూరిటీల జోలికి మాత్రం పోవద్దు. ఎందరికి ష్యూరిటీ ఉన్నారో వాళ్లు రాసివ్వాలి, అది అబద్ధమని తేలితే మళ్లీ లోపలికి పోయేది ముద్దాయే.

విడుదలైన రోజే కేసుల సీఎన్ఆర్ నంబర్లన్నీ (ప్రతి కేసుకూ కోర్టు వ్యవస్థ ఇచ్చే గుర్తింపు నంబరు) ఈ-కోర్ట్స్ యాప్‌లో ఎక్కించి వాయిదాలు చూసుకోండి. ఒక్క వాయిదా తప్పితే ఎన్‌బీడబ్ల్యూ (నాన్‌బెయిలబుల్ వారంట్), ఆపైన బీఎన్ఎస్ 269 కింద ఇంకో కేసు. అప్పుడు పెండింగ్ కేసుల్లో మరొకటి కలుస్తుంది.