నాలుగేళ్లుగా చేతికున్న స్పోర్ట్స్ వాచీ: పరుగు, సైకిలు, ఈత, కొండ

2021 ఆగస్టులో కొన్నాను, ఇరవై నాలుగు వేలకి. ఒడిశా అంచున ఉన్న మా పర్లాకిమిడి పిన్‌కోడ్ కొడితే డెలివరీ లేదంది. దాంతో ఆంధ్రా వైపు పాతపట్నంలో ఉన్న మా బావ చిరునామా ఇచ్చి, సాయంత్రం ఎరువుల కొట్టు కట్టేశాక సైకిలు మీద వెళ్లి తెచ్చుకున్నాను. బావ డబ్బా ఊపి చూసి, "ఇరవై నాలుగు వేలకి గడియారమేటి? ఇంకో సైకిలొచ్చును కదా" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఇప్పుడు కొంచెం ఉంది.

కంపెనీ పేరు రాయను. ఈ ధరలో దొరికే వాచీల మంచీ చెడూ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. ఐదు బొత్తాలు, టచ్ లేని తెర, వెనకవైపు పచ్చలైట్లు, లోపల జీపీఎస్, గాలి పీడనం కొలిచే సెన్సరు. నాకిప్పుడు నలభై ఒకటి. పోటీల్లో బహుమతి తెచ్చుకునేవాణ్ణి కాదు, గడువులోపల పూర్తిచేసి ఇంటికొచ్చేవాణ్ణి. ఈ నాలుగేళ్లలో విశాఖలో కొన్ని హాఫ్ మారథాన్లు, 200 కిలోమీటర్ల బ్రెవేలు (గడువులోపల పూర్తిచేయాల్సిన దూరపు సైకిలు ప్రయాణాలు) మూడు, 300 ఒకటి, ఈత, సైకిలు, పరుగు వరసగా చేసే ఒలింపిక్ దూరం ట్రయాథ్లాన్ ఒకటి పూర్తయ్యాయి. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కడం ఎలాగూ ఉంటుంది. అన్నిటికీ ఇదే వాచీ.

ముందు దూరం సంగతి. గుణుపూరు రోడ్డులో తిన్నగా ఉన్న చోట కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ పది కిలోమీటర్లు పరుగెత్తాను. వాచీ 9.93 చూపించింది. రోడ్డు వేసినవాళ్లది తప్పో, దీనిది తప్పో గానీ నాకు అంతకన్నా ఖచ్చితం అక్కర్లేదు. చిక్కంతా ఘాటీ రోడ్డులో వచ్చింది. చంద్రగిరి వైపు టిబెటన్ల జిరంగో మఠం దాకా సైకిలు మీద వెళ్లిన రోజు, నాకన్నా వెనక వచ్చిన స్నేహితుడి ఫోనులో నాకన్నా మూడు కిలోమీటర్లు ఎక్కువున్నాయి. ఇద్దరం తొక్కింది ఒకే రోడ్డు. ఇంటికొచ్చి మ్యాపులో చూస్తే హెయిర్‌పిన్ మలుపుల్లో నా గీత రోడ్డు మీద లేదు, లోయలోంచి అడ్డంగా పోయింది. కొన్న రోజు నుంచీ రికార్డింగ్ 'స్మార్ట్' అనే సెట్టింగులో ఉండిపోయింది. బ్యాటరీ, మెమరీ మిగలడానికి అది కొన్ని సెకన్లకోసారి మాత్రమే చుక్క పెడుతుంది. రెండు చుక్కల మధ్య మలుపుంటే దాన్ని మింగేస్తుంది. 'ప్రతి సెకనూ' అని మార్చాక తేడా చాలావరకు పోయింది. చెట్ల కింద, నిలువు కొండ పక్కన ఇప్పటికీ కొంచెం పక్కకి జరుగుతుంది. సిగ్నలు రాయికి తగిలి తిరిగి రావడంవల్ల అలా అవుతుంది. రెండు ఫ్రీక్వెన్సీల మీద పనిచేసే కొత్త వాచీల్లో ఈ బాధ తక్కువ.

గుండె లెక్క దగ్గర మాత్రం దీంతో నాకు పెద్ద గొడవే జరిగింది. కొన్న మొదటి చలికాలం, తెల్లారగట్ల ఐదింటికి నెమ్మదిగా పరుగు. పక్కవాడితో కబుర్లు చెప్పుకుంటూ పోయేంత నెమ్మది. చేతికేసి చూస్తే 172. ఎక్కడో పుస్తకంలో చదివిన 220లోంచి వయసు తీసేసే లెక్క నా బుర్రలో ఉంది కాబట్టి, అప్పటి నా వయసుకి అది దాదాపు గరిష్ఠం. మా నాన్నకి గుండెజబ్బు. కల్వర్టు గోడ మీద కూర్చుండిపోయాను. మెడ దగ్గర రెండు వేళ్లు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టాను. 34. నాలుగుతో గుణిస్తే 136. ఆగాక తగ్గిందేమో అనుకుని మళ్లీ పరుగెత్తి, ఆగీ ఆగగానే లెక్కపెట్టాను. 36, అంటే 144. వాచీలో మాత్రం 171.

రెండు రోజులు బుర్ర గోక్కున్నాక తెలిసింది, అది నా గుండె కాదు, నా అడుగులు. నిమిషానికి 170 చిల్లర అడుగులేస్తాను. పచ్చలైటు చర్మం మీద పడి, నాడి కొట్టినప్పుడల్లా రక్తంలో వచ్చే తేడాని బట్టి వాచీ గుండెను లెక్కిస్తుంది. చలికి మణికట్టులో రక్తం తగ్గి, పట్టీ వదులుగా ఉంటే అడుగు పడినప్పుడల్లా వచ్చే కుదుపునే నాడి అనుకుంటుంది. పట్టీ ఎముకకి రెండు వేళ్లు పైకి జరిపి బిగిస్తే కొంత నయం. గతుకుల రోడ్డు మీద సైకిలు తొక్కేటప్పుడు ఎంత బిగించినా దండగే. చివరికి ఛాతీకి కట్టుకునే పట్టీ కొన్నాను. అది గుండె విద్యుత్తునే నేరుగా పట్టుకుంటుంది. కట్టుకునేముందు లోపలివైపు తడి చేయాలి, లేకపోతే మొదటి పది నిమిషాలు పిచ్చి అంకెలొస్తాయి. అందులో వేసేది 2032 బిళ్ల బ్యాటరీ, మా వీధి కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది. ఆ పట్టీతోనే ఘాటీలో ఒకసారి 188 చూశాను, సూత్రం నాకిచ్చిన హద్దు కన్నా ఎక్కువే. 220 సూత్రం జనం సగటుకి సరిపోతుందేమో, ఒక్కొక్క మనిషికి పదీ పన్నెండూ అటూ ఇటూ అవుతుంది. దాన్ని పట్టుకుని వాచీ గీసిన జోన్లన్నీ, అంటే గుండె ఎంత కొట్టుకుంటే ఎంత శ్రమో చెప్పే మెట్లన్నీ, చెరిపేసి నావి నేను రాసుకున్నాను.

ఎత్తు కొలిచే పని నాకు ముచ్చటైనది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటిన రాత్రి కరెంటు పోయింది. మంచం మీద కూర్చుని వాచీలో ఎత్తు చూస్తూ ఉన్నాను. మా ఇల్లు మెల్లమెల్లగా కొండెక్కుతోంది. గాలి పీడనం పడితే ఈ సెన్సరుకి అదే ఎత్తు పెరగడం, వాతావరణం మారిందో మనిషే ఎక్కాడో దానికి తెలియదు. మా ఆవిడకి చూపిస్తే, "ఇల్లు కొట్టుకుపోతాదేమోనని నానుంటే, మీకు కొండ కనబడతాందేటి?" అంది.

అందుకే మహేంద్రగిరి ఎక్కే రోజు ఊళ్లో ఎత్తు సరిచేసుకుని బయల్దేరాలి. ఆ కొండ ఎత్తు 1501 మీటర్లు. మొదటిసారి ఏమీ చేయకుండా ఎక్కితే పైన 1438 అంది. మరుసటి ఏడు సరిచేసుకుని వెళ్తే 1494. ఆ శివరాత్రికే, జనంతో పాటు ఎక్కుతూ ఒకచోట నడుం మీద చేతులేసుకుని రొప్పుతున్నాను. మందస వైపునుంచి వచ్చిన ఒక ముసలామె, చెప్పుల్లేవు, నెత్తిమీద చిన్న మూట, నా పక్కన ఆగి, "బాబూ, ఆ గడియారంలో ఇంకా ఎంతుందో సూపిస్తాదేటి?" అని అడిగింది. నిలువున ఇంకో 212 మీటర్లు అన్నాను. "అదెంత?" అంది. ఎలా చెప్పాలో తెలియక చేత్తో పైకి చూపించాను. "అదే కదా నానూ సూస్తన్నాను" అని ముందుకెళ్లిపోయింది. కుంతి గుడి దగ్గరకి నేను చేరేసరికి ఆమె కూర్చుని అటుకులు తింటోంది.

ఈతకి వస్తే, కొలనులో ఇది బాగానే లెక్కపెడుతుంది. కొలను పొడవు ముందే చెప్పాలి. గోడని తన్ని తిరిగినప్పుడు వచ్చే ఊపుని బట్టి ఒక్కో పొడవు కలుపుకుంటుంది. ఎదురుగా ఎవరో అడ్డొచ్చి మధ్యలో ఆగామా, లెక్క తప్పిందే. చెరువులో సంగతి వేరు. నీళ్లలోకి జీపీఎస్ దిగదు. చెయ్యి పైకి లేచిన ప్రతిసారీ దొరికినంత పట్టుకుని గీత గీస్తుంది. నేను చిన్నప్పుడు నేర్చుకున్న కప్ప ఈతలో చెయ్యి నీళ్లు దాటి పైకి రాదు, కాబట్టి మ్యాపులో ఒడ్డు మీద కూడా ఈది ఉంటాను. వాచీ విప్పి టోపీ కింద తలకి పెట్టుకుంటే గీత బాగా వస్తుంది, కానీ చూసుకోవడానికి ఉండదు. చెరువులో ఒంటరిగా ఎప్పుడూ దిగను. మా కొట్లో పనిచేసే కుర్రాడు లారీ ట్యూబులో కూర్చుని పక్కనే వస్తాడు. గోపాలపురం సముద్రంలో అలలు చూశాక అక్కడ సాధన చేయాలన్న ఆలోచనే మానుకున్నాను.

ట్రయాథ్లాన్‌లో తప్పు వాచీది కాదు, నాది. ఒలింపిక్ దూరమంటే ఒకటిన్నర కిలోమీటర్ల ఈత, 40 సైకిలు, 10 పరుగు. ఒక్కో ఆట అయ్యాక ల్యాప్ బొత్తం నొక్కితే తర్వాతిదానికి మారుతుంది. నీళ్లలోంచి బయటికొచ్చిన కంగారులో నేను నొక్కలేదు. రికార్డులో నేను 41 కిలోమీటర్లు ఈదాను. ఆ వేగానికి డాల్ఫిన్ కూడా దణ్ణం పెట్టాలి.

బ్యాటరీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిగతా సమీక్షలన్నీ కొత్తలో రాసినవే. డబ్బా మీద జీపీఎస్‌తో 20 గంటలని ఉంది. కొత్తలో నిజంగానే పందొమ్మిది దాటింది. బ్రెవేలో 200కి గడువు పదమూడున్నర గంటలు, 300కి సరిగ్గా 20 గంటలు. అంటే వాచీ కొత్తగా ఉన్నప్పుడు కూడా 300కి అది అంచు మీదే. నేను 300 తొక్కింది మూడో ఏట. పన్నెండో గంట దాటాక, చీకట్లో, వాచీ ఒక్కసారి ఒణికి చచ్చిపోయింది. చెక్‌పాయింట్లలో కార్డు మీద ముద్రలు ఉన్నాయి కాబట్టి గడువుకేం ఇబ్బంది రాలేదు, పూర్తిచేశాను. ఇప్పుడు పదకొండు గంటలు వస్తే గొప్ప. లిథియం బ్యాటరీకి వయసొకటీ వేడొకటీ శత్రువులు. నేను ఎండాకాలం మధ్యాహ్నాలు దీన్ని కొట్లో రేకు కింద గల్లాపెట్టె మీద పెట్టి ఛార్జి చేసేవాణ్ణి. ఆ పని మీరు చేయకండి. పవర్‌బ్యాంకుతో తొక్కుతూ ఛార్జి చేయొచ్చు గానీ, ప్లగ్గు వాచీ వెనకే పెట్టాలి, అప్పుడు చేతికి కట్టుకోలేం. హ్యాండిలుకి కట్టుకోవడమే.

ఇక సలహాలు. వాచీ ఇచ్చే సలహాలని మొదటి ఏడాది నేను పంచాంగంలా చూశాను. మేలో 'శిక్షణ ఫలించడం లేదు' అంటుంది. మా దగ్గర మేలో తెల్లారి ఐదింటికే చెమట కారుతుంది. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. వాచీ వేగాన్నీ గుండెనీ పక్కపక్కన పెట్టి, వీడు బలహీనపడ్డాడు అని తేలుస్తుంది. డిసెంబరులో ఏమీ చేయకపోయినా మెచ్చుకుంటుంది. జూన్, జూలైల్లో ఖరీఫ్ లోడు దిగినప్పుడు ఇంకా తమాషా. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ 50. కూలీలు రానిరోజు లారీనుంచి గోడౌనుకి నేనూ మోస్తాను. రాత్రికి నడుం విరిగినంత పనవుతుంది. వాచీ మాత్రం 'ఈ వారం నువ్వేమీ చేయలేదు' అని చెప్పి, ఫిట్‌నెస్ పడిపోతోందని బాణం గుర్తు కిందికి తిప్పుతుంది. కొట్లో మధ్యాహ్నం బేరాల్లేక కదలకుండా కూర్చుంటే ఒకసారి దాన్ని నిద్ర కింద రాసింది. "రాత్రి నిద్ర పట్టిందో లేదో కూడా అదే సెప్పాలేటండీ మీకు?" అని మా ఆవిడ అన్న రోజునుంచీ పడుకునేముందు తీసేస్తున్నాను. నిజానికి అప్పటినుంచే నిద్ర బాగా పడుతోంది.

ఫోనుకి వచ్చిన మెసేజీలు ఇందులో కనబడతాయి, ఇంగ్లీషులో ఉంటేనే. అమ్మ తెలుగులో పంపినా, వ్యవసాయ శాఖవాళ్లు ఒడియాలో పంపినా వరసగా ఖాళీ డబ్బాలే వస్తాయి. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసినప్పటినుంచీ ఇక్కడ ఏ భాషకి ఎంత చోటని వాదించుకుంటున్నాం. రెంటినీ ఇంత సమానంగా చూసినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

మరమ్మతులు: మూడో ఏట పట్టీ పిన్ను దగ్గర తెగింది. ఛార్జింగు పిన్నుల మీద చెమట ఉప్పు పేరుకుని పచ్చగా చిలుము పట్టింది. ఛార్జి ఎక్కడం మానేసింది. పెద్ద ఊళ్లో సర్వీసు సెంటరుకి ఫోను చేస్తే గ్యారంటీ దాటింది, పాతది ఇచ్చి కొత్తది డిస్కౌంటులో తీసుకోండి అన్నారు. మా బజారులో వాచీలు బాగుచేసే తాత దాన్ని పట్టుకెళ్లిన ఐదు నిమిషాల్లో స్కూలు పిల్లల రబ్బరుతో పిన్నులు రుద్ది, పాత టూత్‌బ్రష్షుతో తుడిచి ఇచ్చాడు. నలభై రూపాయలు. గాలి లోపలికెళ్లే చిన్న రంధ్రాల్లో మట్టి ఉందని నేను సూది తీస్తే, "సూది ఎట్టకు బాబూ, లోపల పొర సిరుగుతాది, మంచినీళ్లలో నానెట్టు" అన్నాడు. ఎప్పుడూ చూడని వాచీ గురించి అది ఆయనకెలా తెలిసిందో. ఇప్పుడు ప్రతి ఈత తర్వాతా, ఎక్కువ చెమట పట్టిన రోజూ మంచినీళ్లలో కడుగుతాను. చేతికి దద్దుర్లు వచ్చేవి, అవీ తగ్గాయి.

కొత్తగా కొనేవాళ్లకి: టచ్ తెర ఒక్కటే ఉన్నది వద్దు, వానలో, చెమట వేళ్లకి అది మాట వినదు. బొత్తాలుండాలి. డబ్బా మీద రాసిన గంటల్లో మూడేళ్ల తర్వాత సగం మిగులుతాయనుకుని లెక్కేసుకోండి. డబ్బులు తక్కువైతే వాచీ ఒక మెట్టు కిందది తీసుకుని ఛాతీ పట్టీకి మిగుల్చుకోండి. పరుగు ఒక్కటే అయితే ఇంత ఖరీదు అనవసరం. నాలాగా నాలుగు ఆటల్లో కాలు పెట్టేవాళ్లకి మాత్రం, ఏ నెలలో ఎంత చేశానో వెనక్కి తిరిగి చూసుకోవడానికి ఇలాంటి చిట్టా పుస్తకం ఇంకొకటి లేదు. ఐదుకి మూడున్నర ఇస్తాను. బ్యాటరీ మార్చే వీలుంటే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి.

ఆ బ్యాటరీ సంగతి తాతనే అడిగాను. మూత ఇప్పి సూద్దాం అంటున్నాడు. ఇప్పితే మళ్లీ నీళ్లు ఆగుతాయన్న పూచీ లేదనీ చెప్పాడు. చలికాలంలో ఇంకో 300 ఉంది. వాచీ ఇంకా ఆయన చేతికి ఇవ్వలేదు.