మిర్చి చేనుకు నగదు కౌలా, సంగోరా: ఏది మేలు?

ప్రత్తిపాడు వైపు మాకు రెండెకరాల నల్లరేగడి ఉంది. మేం గుంటూరులో ఉంటాం, చేను బాబాయికి కౌలుకిస్తాం. ఏటా ఉగాది దాటాక బాబాయి రబ్బరు బ్యాండు వేసిన నోట్ల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. విత్తనం పడకముందే కౌలు మా చేతిలో ఉండేది. 2024లోనూ అంతే. 2025 ఫిబ్రవరికల్లా మిర్చి ధర పడిపోయింది. ధర పడినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్య పథకాన్ని కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలతో ప్రకటించాల్సి వచ్చింది. బాబాయి ముఖం చూడలేకపోయాను.

లెక్క వేసుకుందాం. ఎకరాకు 20 క్వింటాళ్లు, ఖర్చు రెండున్నర లక్షలు, కౌలు 40 వేలు అనుకోండి. క్వింటాలు 20 వేలుంటే నగదు కౌలులో రైతుకు లక్షా పది వేలు మిగులుతుంది. ధర 11 వేలకు దిగితే 70 వేలు నష్టం. ఖర్చూ పంటా చెరిసగం చేసుకునే సంగోరులో మంచి ఏడాది 75 వేలే వస్తుంది గానీ, చెడ్డ ఏడాది పోయేది 15 వేలు. మిగతా సగం నష్టం చేను గలవాడిది. 70 వేలు అప్పు తెచ్చి పూడ్చుకోవాలి, 15 వేలు ఎలాగోలా తట్టుకోవచ్చు.

ధర పెరిగితే కౌలూ పెరుగుతుందని ఆర్థికవేత్త రికార్డో 1817లోనే చెప్పాడు. మన దగ్గర మిర్చి బాగా పలికిన మరుసటి ఏడే కౌలు పెంచేస్తాం. ధర పడినప్పుడు మాత్రం, ముందే తీసుకున్న డబ్బు ఎవరూ వెనక్కివ్వరు. తెనాలి వైపు వరికి బస్తాల లెక్కన కౌలు తీసుకునేవాళ్లే నయం, ధర పడితే వాళ్లకూ తగులుతుంది.

సంగోరుతో చిక్కు లేకపోలేదు. మందు ఎన్నిసార్లు కొట్టారు, మిర్చి యార్డులో ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) తూగాయి అన్నీ చూసుకోవాలి. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు కుదరదు.

ఏ పద్ధతైనా, ప్రభుత్వం ఇచ్చే కౌలు కార్డు లేకపోతే రైతుకు బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. 2011 చట్టం ఉన్నప్పుడు కార్డుకు యజమాని సంతకం అక్కర్లేకపోయేది. 2019 చట్టం వచ్చాక 11 నెలల ఒప్పందం మీద మనం సంతకం పెట్టాలి. భూమి పోతుందేమోనని చాలామంది పెట్టరు. హక్కు ఎక్కడికీ పోదని చట్టమే చెబుతోంది. నా మటుకు నాకు మిర్చికి సంగోరే మేలు. మొన్న బాబాయితో అదే మాట్లాడుకుని, ఒప్పందం మీద సంతకం పెట్టాను.

"ఈసారి యార్డుకి నువ్వూ రావాలి మరి" అన్నాడు. వెళ్తాను.