అమ్మ షుగర్ మిషన్, మూడు నెలలు వాడాక
అమ్మ కోసం హన్మకొండ చౌరస్తా దగ్గర మెడికల్ షాపులో ఈ గ్లూకోమీటర్ కొన్నాం, నాకైతే బాగా నచ్చింది. రక్తపు చుక్క పెట్టే స్ట్రిప్ మీదుండే ఎంజైమ్ రక్తంలోని గ్లూకోజుతో కలిసినప్పుడు ఎలక్ట్రాన్లు విడుదలై చిన్న కరెంటు పుడుతుంది, దాన్ని కొలిచి మిషన్ అంకె చూపిస్తుంది, అంతా ఐదు సెకన్లలోనే. మొన్న మామిడిపండు కోసిన చేత్తోనే వేలు గుచ్చుకుంటే 290 వచ్చింది, ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్! సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుని మళ్లీ చూస్తే 148. వేలి మీది రసంలో ఉన్న గ్లూకోజు కూడా లెక్కలోకి వచ్చేసింది. ల్యాబు రిపోర్టుతో కాస్త తేడా ఉంటుంది, 100 దాటిన రీడింగుల్లో 15 శాతం దాకా ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణమే ఒప్పుకుంటుంది కాబట్టి కంగారు పడకండి. స్ట్రిప్పుల ఖర్చే బాధ. డబ్బా మూత వెంటనే బిగించండి, తేమ తగిలితే స్ట్రిప్పులు పాడవుతాయి.