బ్రౌన్ నిఘంటువులో 'పోగొట్టు' దగ్గర ఆగిపోయాను

నాన్న పోయిన మూడో వారం బీమా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. "మీ నష్టానికి చింతిస్తున్నాము" అని మొదటి వాక్యం. అమ్మ రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, "నష్టమేంట్రా, వ్యాపారంలో వచ్చినట్టు" అంది. ఇంగ్లిష్‌లో 'loss', 'lose' అనే ఒకే మాట అన్నిటికీ సరిపోతుందేమో గానీ మనకు కుదరదు. తాళంచెవి పారేసుకుంటాం, మ్యాచ్ ఓడిపోతాం, జాతరలో పిల్లాడు తప్పిపోతాడు, బరువైతే తగ్గుతాం. ఇంట్లో మనిషి గురించి "పోయారు" అనే అంటాం, రాసేటప్పుడు "తండ్రిని కోల్పోయాడు" అని రాస్తాం.

ఆ రాత్రి నిద్ర పట్టక బ్రౌన్ తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు తీశాను. మొదట 1852లో వచ్చిన పుస్తకం, నా దగ్గరున్నది వీరేశలింగం గారూ మరో ఇద్దరూ సవరించిన 1903 కూర్పుకి రీప్రింటు. 'పోగొట్టు' దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పోగొట్టడం అంటే పోయేలా చేయడం, దాహం పోగొట్టే మజ్జిగ అంటామే, అదే. దానికి 'కొను' చేరిందంటే ఆ పని తిరిగి మన మీదకే వస్తుంది: డబ్బు పోగొట్టుకున్నాడు, పరువు పోగొట్టుకున్నాడు. అందులో మన చెయ్యి కూడా కాస్త ఉన్నట్టు వినిపిస్తుంది. 'కోల్పోవు'లో అలా ఉండదు, ప్రాజెక్టు కింద భూములు కోల్పోయిన రైతు తప్పేం చేశాడని? ఇన్నేళ్లుగా రెండూ వాడుతూ ఈ తేడా ఎప్పుడూ పట్టించుకోలేదు.

బ్రౌన్ గారు పుస్తకాల భాషతో ఆగకుండా జనం మాట్లాడుకునే మాటలూ ఎక్కించారు, నాకు ఈ నిఘంటువు మీద అభిమానం అందుకే. అర్థం ఇంగ్లిష్‌లో ఇచ్చినా మధ్యమధ్య తెలుగు ప్రయోగాలు కనబడతాయి, వాటి కోసమే నేను ఎక్కువసార్లు తెరుస్తాను. ఇబ్బందులూ ఉన్నాయి. అక్షరాలు చిన్నవి, పుస్తకం ఒళ్లో పెట్టుకుంటే బరువు. 'కోల్పోయారు' అని వెతికితే దొరకదు, మూలరూపం తెలిసి ఉండాలి. ఏ మాట పత్రికల్లో రాస్తారు, ఏది ఇంట్లో అంటారు అనే ఇప్పటి తేడాలు అంత పాత పుస్తకంలో ఉండవు, అవి మనం పెద్దవాళ్ల నోటి నుంచి పట్టుకోవాల్సిందే.

అనువాదం చేసేవాళ్లు, ముఖ్యంగా ఇలాంటి ఉత్తరాలు తయారుచేసేవాళ్లు కొనుక్కోండి. కొనలేకపోతే చికాగో యూనివర్సిటీ సైట్‌లో ఇదే 1903 కూర్పు ఉచితంగా వెతుక్కోవచ్చు, ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది.