చీకటిలో కదిలే వెలుతురు కోసం ఏడేళ్లు మోసిన కెమెరా సంచి

సీతానగరం ఘాట్ మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా కృష్ణ, అవతలి ఒడ్డున విజయవాడ ఇంద్రకీలాద్రి, కుడి చేతి వైపు ప్రకాశం బ్యారేజీ కనిపిస్తాయి. కొండ పాదాల దగ్గర 2020 అక్టోబరులో కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచాక ఆ దృశ్యానికి కొత్త అందం వచ్చింది. చీకటి పడ్డాక దాని మీద బండ్ల దీపాలు ఒకదాని వెంట ఒకటి జారిపోతూ, నీళ్లలో మళ్లీ వెలుగుతాయి. ఆ వెలుగు గీతలు, దీపావళి తారాజువ్వలు, దసరా తెప్పోత్సవం, ఘాట్‌లో హారతి: ఏడేళ్లుగా నేను తీస్తున్నవి ఇవే. ఇన్నాళ్ల వాడకం తర్వాత గట్టిగా చెప్పగలిగింది ఒకటుంది. ఈ రకం ఫోటోలకు డబ్బు లెన్స్ మీద కాదు, ముందు స్టాండు (ట్రైపాడ్) మీద పెట్టాలి. నేను అందుకు తలకిందులుగా చేశాను, రెండు దీపావళులు పోగొట్టుకున్నాను.

నా కెమెరా కెనన్ 1300డి. 2016లో వచ్చిన మోడల్, 18 మెగాపిక్సెళ్లు. 2018 దసరాకు ముందు 18-55 లెన్స్‌తో కలిపి పదహారు వేలకు వాడినది కొన్నాను. పెళ్లిళ్లు తీసే ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. డబ్బు లెక్కపెట్టుకుంటూ ఆయన, "రాత్రి పూట తీస్తానంటున్నావు కదా తమ్ముడూ, ముందు మంచి స్టాండు కొనుక్కో. లెన్స్ సంగతి తర్వాత చూద్దువు గాని" అన్నారు. నేను వినలేదు. చీకటి అంటే వెలుతురు తక్కువ, కాబట్టి ఎక్కువ వెలుతురు లాగే లెన్స్ కావాలి అని లెక్క వేసుకున్నాను. నెల తిరగకుండానే 50 మిల్లీమీటర్ల ఎఫ్1.8 లెన్స్ ఐదున్నర వేలకు తెచ్చుకున్నాను (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు లాగుతుంది). స్టాండుకు మిగిలింది పద్నాలుగు వందలు.

ఆ లెక్క ఎక్కడ తప్పిందో అర్థం కావడానికి చాలా రాత్రులు పట్టింది. నిశ్చలంగా ఉన్న గోపురాన్ని తీస్తున్నప్పుడు షట్టర్ ఎంత సేపు తెరిస్తే అంత వెలుతురు పోగవుతుంది. కదిలే దీపం అలా కాదు. అది సెన్సార్ (కెమెరాలో వెలుతురును పట్టే పలక) మీద ఒక చోట రెప్పపాటు ఉండి పక్కకు వెళ్లిపోతుంది. పది సెకన్లు తెరిచినా, ముప్ఫై సెకన్లు తెరిచినా ఆ గీత ఎంత కాంతిగా ఉండాలో తేల్చేది ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే తీవ్రత), ఆ దీపం వేగం. షట్టర్ సమయం గీత పొడవునూ, వెనక ఉన్న ఆకాశం, కొండల వెలుగునూ మాత్రమే మారుస్తుంది. ఇది తెలియక మొదటి దీపావళికి జువ్వలు పాలిపోతున్నాయని ఎపర్చర్ ఇంకా ఇంకా తెరిచాను. ఫలితంగా రంగులన్నీ తెల్లబడిపోయాయి. బేరియం ఇచ్చే ఆకుపచ్చ, స్ట్రాన్షియం ఇచ్చే ఎరుపు ఫోటోలో నిలవాలంటే ఐఎస్ఓ 100, ఎఫ్8 నుంచి ఎఫ్11 చాలు. అక్కడ కెమెరాతో వచ్చే మామూలు 18-55 లెన్స్ కూడా తన శక్తి మేరకు స్పష్టంగా గీస్తుంది. ఎఫ్1.8 కోసం పెట్టిన డబ్బు ఎఫ్11 దగ్గర నాకు ఏ మేలూ చేయలేదు.

ఇక స్టాండు. పద్నాలుగు వందలది తేలికగా, చూడముచ్చటగా ఉండేది. తల అంతా ప్లాస్టిక్. మర ఎంత బిగించినా ముప్ఫై సెకన్లలో కెమెరా వెంట్రుకవాసి కిందికి వాలేది. వెంట్రుకవాసే, కానీ ఫోటోలో ప్రతి వీధి దీపానికీ చిన్న తోక మొలిచేది. ఆ తోకలు చూసి తప్పు లెన్స్‌దనే అనుకున్నాను. రెండో ఏడాది దీపావళి రాత్రి మధ్యలో దాని కాలు బిగింపు విరిగింది. మర్నాడు గవర్నర్‌పేట దుకాణాలన్నీ తిరిగి, చివరికి ఒక వీడియోగ్రాఫర్ వదిలించుకుంటున్న పాత అల్యూమినియం స్టాండును నాలుగు వేల రెండు వందలకు తెచ్చుకున్నాను. బరువు మూడు కిలోల పైమాటే. ఆరేళ్లయింది, ఇప్పటికీ ఒక్క మర కూడా వదులు కాలేదు. నది గాలికి నడిమి కడ్డీ ఎప్పుడూ పైకి లేపను, ఎత్తు కావాలంటే కాళ్లే పొడిగిస్తాను. కెమెరా సంచిలో రెండు నీళ్ల సీసాలు పెట్టి కింది కొక్కేనికి తగిలిస్తాను, సంచి ఊగకుండా నేలకు కొద్దిగా ఆనేలా. బ్యారేజీ మీదా, ఫ్లైఓవర్ మీదా నిలబడి తీయాలని చాలామందికి ఉంటుంది. వాహనం వెళ్లినప్పుడల్లా కట్టడం సన్నగా వణుకుతుంది, ఎంత మంచి స్టాండైనా ఆ వణుకును ఆపలేదు. ఒడ్డు మీంచి తీసినవే నాకు ఎప్పుడూ బాగా వచ్చాయి. ఒక ఫోటోను 12×18 అంగుళాల ప్రింటు వేయించి గోడకు పెట్టుకున్నాను, అందులో బ్యారేజీ దీపాలు చుక్కల్లా విడివిడిగా కనిపిస్తాయి.

మూడు వందల యాభై పెట్టి కొన్న తీగ రిమోట్ ఈ సంచిలోకెల్లా చవకైన వస్తువు, నేను ఎక్కువగా నమ్మేదీ అదే. వేలు తగలకుండా షట్టర్ తెరుచుకుంటుంది, మీట జరిపితే తెరిచి ఉంచుతుంది. కెమెరాను బల్బ్ మోడ్‌లో (మనం మూసే దాకా షట్టర్ తెరిచే ఉంటుంది) పెట్టి, జువ్వ లేచే శబ్దానికి తెరిచి, పువ్వు విచ్చుకుని రాలాక మూస్తాను. రెండు మూడు పువ్వులు ఒకే చిత్రంలో కావాలంటే షట్టర్ మూయకుండా మధ్యలో లెన్స్ ముందు నల్లటి అట్ట అడ్డం పెడతాను. కెమెరా కొనే ముందు తీగ రిమోట్ పెట్టే రంధ్రం ఉందో లేదో చూసుకోండి, అన్ని మోడళ్లకూ ఉండదు.

కాకరపువ్వొత్తితో గాలిలో రాయించడం మా అక్క కూతురికి పండుగ కంటే ఎక్కువ. ఎఫ్11, పన్నెండు సెకన్లు. ముదురు రంగు బట్టలు వేసుకుంటే మనిషి చీకటిలో కలిసిపోయి అక్షరం మాత్రం నిలుస్తుంది. మన వైపు తిరిగి రాస్తుంది కాబట్టి ఫోటోలో "అ" తిరగబడి వస్తుంది, కంప్యూటర్‌లో కుడి ఎడమలు మార్చితే సరి. ఇనుప పీచు అంటించి తిప్పే ఫోటోల జోలికి మాత్రం నేను వెళ్లను. ఎండుగడ్డి ఉన్న ఒడ్డున ఎగిరిన ఒక్క రవ్వ చాలు.

చీకటిలో ఆటోఫోకస్‌ను నమ్ముకుంటే లెన్స్ ముందుకూ వెనక్కూ తిరుగుతూనే ఉంటుంది. దూరంగా ఒక దీపాన్ని వెనక తెర మీద పది రెట్లు పెద్దది చేసి చూస్తూ చేత్తో ఫోకస్ చేసి, ఆ రింగ్‌కు కాగితపు టేపు అంటిస్తాను. స్టాండు మీద ఉన్నప్పుడు లెన్స్‌లోని వణుకు నివారణ స్విచ్ ఆపేయాలి. రక్షణ కోసం బిగించే గాజు ఫిల్టర్ కూడా తీసేయాలి. లేకపోతే హెడ్‌లైట్లు ఆ గాజులో ప్రతిఫలించి ఆకాశంలో పచ్చటి మచ్చలవుతాయి. 18-55 లెన్స్ ఎపర్చర్‌కు ఆరు రెక్కలు, అందుకే ప్రతి దీపం చుట్టూ ఆరు కిరణాలు పొడుస్తాయి. 50 లెన్స్‌కు ఏడు రెక్కలు, అవి బేసి కాబట్టి కిరణాలు రెట్టింపై పద్నాలుగు. బ్యారేజీ దీపాలకు నాకు ఆరే ఇష్టం.

అలాగని 50 లెన్స్ వృథా కాలేదు. వెలుతురు గీతలు కాక, ఆ వెలుతురులో మనుషుల ముఖాలు కావలసినప్పుడు అది లేకపోతే పని జరగదు. నా కెమెరా సెన్సార్ చిన్నది కాబట్టి దాని మీద అది 80 మిల్లీమీటర్ల లెన్స్ చూపేంత దగ్గరి దృశ్యాన్ని ఇస్తుంది, గుంపు వెనక నుంచి తీయడానికి సరిపోతుంది. హారతి సమయంలో ఎఫ్2, ఐఎస్ఓ 1600, సెకనులో అరవయ్యో వంతు పెడితే అర్చకుడి ముఖం నిలుస్తుంది. అదే చోట ఎఫ్8, అర సెకను పెడితే మంట గుండ్రటి కంకణం అవుతుంది. తెప్పోత్సవం ఇంకా కష్టం, ఎందుకంటే హంస వాహనం మీది విద్యుద్దీపాలు మెరిసే తీరు కంటికి తెలియదు. చాలా ఎల్ఈడీలు సెకనుకు వంద సార్లు లేదా అంతకు మించి వెలిగి ఆరుతుంటాయి. కెమెరా తిప్పుతూ తీస్తే గీత బదులు చుక్కల వరుస వస్తుంది. మొదట కెమెరా పాడైందని భయపడ్డాను, ఇప్పుడు ఆ చుక్కల కోసమే ఒకటి రెండు తీస్తాను. వరద ఉద్ధృతంగా ఉన్న సంవత్సరాల్లో వాహనాన్ని నదిలో తిప్పరు, అప్పుడు స్టాండు, 18-55 లెన్స్ చాలు.

కెమెరా మెనూలో దీర్ఘ ఎక్స్‌పోజర్ నాయిస్ (ఎక్కువ సేపు తీసినప్పుడు పడే రంగు చుక్కలు) తగ్గించే ఏర్పాటు ఉంటుంది, దీపావళికి దాన్ని ఆపి ఉంచాలి. ముప్ఫై సెకన్లు తీసిన తర్వాత మరో ముప్ఫై సెకన్లు కెమెరా తనలో తాను పని చేసుకుంటుంది, ఈలోపు నాలుగు జువ్వలు పోతాయి. మన వేసవిలో అర్ధరాత్రి కూడా సెన్సార్ వేడెక్కి ఎర్ర చుక్కలు పూస్తాయి. అందుకని మే నెలలో ఒకే పొడవాటి ఫోటో తీయను. రిమోట్ బిగించి వరసగా పది సెకన్ల ఫోటోలు ఇరవై తీసి, స్టార్‌స్టాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలుపుతాను. నా కెమెరా తరం సెన్సార్లలో నీడలను తర్వాత బలవంతంగా వెలిగిస్తే చారలు కనిపిస్తాయి, కాబట్టి తీసేటప్పుడే వెలుగు సరిచూసుకుని రా ఫైల్‌గా (కెమెరా కుదించి మార్చని ఫైల్) తీయడం మేలు. 1300డి తెర మడవడానికి వీలుండదు. ఘాట్ మెట్ల మీద కెమెరా కిందికి పెట్టినప్పుడల్లా మెడ పట్టేస్తుంది. ఇంకొంచెం డబ్బు ఉన్నవారికి తెర బయటికి తిరిగే కెనన్ 200డి వాడినది హాయిగా ఉంటుంది.

వాడినది కొనేవారు రెండు పరీక్షలు తప్పక చేయండి. లెన్స్ మూత పెట్టి, ఐఎస్ఓ 1600లో ముప్ఫై సెకన్ల ఫోటో తీసి, పెద్దది చేసి రంగు చుక్కలు ఎన్ని ఉన్నాయో చూడండి. లెన్స్ వెనక నుంచి టార్చి వేసి సాలెగూడు లాంటి బూజు ఉందేమో వెతకండి. ఒక దుకాణంలో ఆ పరీక్ష చేయకుండా వెడల్పాటి లెన్స్ ఒకటి కొని ఆరు వేలు నష్టపోయాను. మన ఊరి ఉక్కపోతలో బూజు తొందరగా పడుతుంది. సామానంతా గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, రంగు మారే సిలికా జెల్ పొట్లాలతో ఉంచుతాను. రంగు మారగానే వాటిని సన్నటి సెగ మీద ఆరబెడతాను. ఏసీ గది నుంచి నేరుగా నది ఒడ్డుకు తీసుకువెళ్తే అద్దం మీద చెమ్మ పడుతుంది, అందుకే తెప్పోత్సవం రోజు సంచిని మధ్యాహ్నమే వరండాలోకి తెచ్చి పెడతాను.